కంది చేనూ, యాభై స్పీడు ఫిల్మూ

ఏ సినిమాకు ఏ ఫిల్ము వాడాలో కెమెరామెన్ ఎలా నిర్ణయించుకుంటారని కుర్రవాళ్ళు ముచ్చటపడి అడుగుతుంటారు. ఒకప్పుడు ఆ ప్రశ్న వింటే టీ చల్లారిపోయేదాకా చెప్పేవాణ్ణి. ఇప్పుడు లేచి పక్కకు పోతాను. ఫిల్ము మీద నాకేం కోపం లేదు, అది పాపం తన ముందు ఉన్నదాన్ని చూస్తుంది, అంతే. నా రోతంతా దాన్ని అడ్డం పెట్టుకుని పెద్దమనుషులైపోయేవాళ్ళ మీద. అలాంటి ఒకాయన దగ్గర మా మార్కాపురం పక్కనే పనిచేశాను. ఎవరి పేర్లూ చెప్పను. చెప్పడానికి నోరు రావడం లేదు కూడా.

ఇప్పుడు సినిమాలన్నీ డిజిటల్ కెమెరాలతోనే తీస్తున్నారు. ఫిల్ము మీద తీసేవాళ్ళు ఎక్కడో ఒకరో ఇద్దరో. సరిగ్గా అందుకే అదొక గొప్ప అయి కూర్చుంది. మా డైరెక్టరు హైదరాబాదు ఆఫీసులో గోడనిండా పాత రీలు డబ్బాలు తగిలించుకున్నాడు. ఫిల్ము అనే మాట వచ్చినప్పుడల్లా గొంతు తగ్గించి, కళ్ళు సగం మూసేవాడు. కథ కరువు గురించి. ఒక ఎండాకాలం శ్రీశైలం పోతూ కారు అద్దంలోంచి మా ఊళ్ళు చూశాడట. గుండె పిండేసిందట. దోర్నాల చేరేలోపే కథ పుట్టేసిందట. నాది మార్కాపురమని తెలిసి పిలిపించాడు. మా నాయన షెడ్డులో బడిపిల్లల రాతి పలకలకు చెక్క ఫ్రేములు బిగించేవాడని చెబితే కుర్చీలోంచి లేచి వచ్చి కౌగిలించుకుని, “మీరు ఒరిజినల్ అండీ” అన్నాడు. ఆ రోజే దండం పెట్టి బస్సెక్కేసి ఉంటే బాగుండేది.

ఫిల్ము ఎంపిక బ్రహ్మవిద్యేమీ కాదు. ముందు వెలుతురు చూసుకోవాలి. స్పీడు, అంటే వెలుతురును పట్టే చురుకు, ఎక్కువున్న ఫిల్ము గుడ్డి వెలుతురులో కూడా బొమ్మను పట్టుకుంటుంది, కానీ దాని మీద సన్నటి ఇసక చల్లినట్టు కనిపిస్తుంది. దాన్నే గ్రెయిన్ అంటాం. స్పీడు తక్కువున్న ఫిల్ముకు ఎండ కావాలి. ఎండ ఇస్తే చాలు, బొమ్మ నున్నగా వస్తుంది, ఒక్కో రంగునూ విడదీసి చూపిస్తుంది. ఆకుపచ్చలోనే లేతాకు వేరు, ముదురాకు వేరు అని చెబుతుంది. ఆ పైన నీడల సంగతి. మా వైపు మధ్యాహ్నం పూట రాతిగుట్ట నీడ కటిక నలుపు, దాని ముందు నిలబడ్డ మనిషి తలగుడ్డ కళ్ళు చెదిరే తెలుపు. రెండింటినీ ఒక్క ఫ్రేములో పట్టుకునే ఓపిక ఆ ఫిల్ముకు ఉందో లేదో చూడాలి. ఎదురుగా ఉన్న ముఖం ఏ రంగుదో, ఆ రంగును అది కాల్చేస్తుందో కాపాడుతుందో చూడాలి. ఇదంతా కంపెనీవాళ్ళు కాగితాల మీద రాసిస్తారు కానీ కాగితాన్ని నమ్మకూడదు. ఆ చోటికే పోయి, ఆ మనిషినే నిలబెట్టి, ఒక్కో రకం మీద కాస్త కాస్త తీసి, కడిగించి, తెర మీద పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. చీర కొనేముందు ఆడవాళ్ళు దుకాణంలోంచి బయటికి తెచ్చి ఎండలో చూస్తారే, అలాంటి పనే.

మా డైరెక్టరుకు ఈ బాధలేవీ లేవు. చోటు సరిగ్గా చూడకముందే ఆయన ఫిల్ము ఖాయం చేసేశాడు. ఐదొందల స్పీడుది, ఇళ్ళ లోపలికీ రాత్రి సీన్లకూ వాడేది, దాన్ని తెచ్చి చేలల్లో మిట్టమధ్యాహ్నం వాడాలన్నాడు. అది చాలక ల్యాబులో మామూలుకంటే ఎక్కువసేపు కడిగించి గ్రెయిన్ ఇంకా పైకి లేపాలన్నాడు.

“కరువంటే గ్రెయిన్ అండీ. తెర గరగరలాడాలి” అన్నాడు.

నా చిన్నప్పుడు కరువు చూశాను. బిందెలు పట్టుకుని ట్యాంకరు వెనక పరుగెత్తాను. అది ఎక్కడా గరగరలాడలేదు. కళ్ళు పొడిచేంత స్పష్టంగా, ప్రతి నెర్రె లెక్కపెట్టుకునేట్టు ఉండింది. ఆ మాటే చెప్పి, నేలను చూపించాలంటే యాభై స్పీడు ఫిల్మే సరైనది, నమ్మకం లేకపోతే టెస్టు తీద్దామన్నాను. ఆయన నా భుజం తట్టి ఒప్పుకున్నాడు. తట్టడం, కౌగిలించుకోవడం, చేతులు జోడించడం, వీటిలో ఆయనకు ఎప్పుడూ లోటుండేది కాదు.

ఆర్టిస్టు డేట్లు దొరికేసరికి కార్తీకం దాటింది. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. కరువు సినిమా తీయడానికి వ్యాన్లు వేసుకుని దిగితే పడమటి ప్రకాశం జిల్లా అంతా పచ్చగా నవ్వుతోంది. త్రిపురాంతకం కొండ కూడా పచ్చబడింది. దారి పొడుగునా మిరప, పత్తి, కంది. నాకు నవ్వాగలేదు. డైరెక్టరు కారు దిగి చుట్టూ చూసి, ఎవరో తన సెట్టు మార్చేసినట్టు ప్రొడక్షన్ మేనేజరు మీద విరుచుకుపడ్డాడు. ఆ మేనేజరు దేనికైనా “చూసుకుందాం సార్” అనే రకం. ఆ రోజు కూడా అదే అన్నాడు.

రీళ్ళను చల్లగా దాచాలి. లాడ్జి కరెంటును నమ్మలేక, మిరపకాయలు దాచే కోల్డ్ స్టోరేజీలో బతిమాలి ఒక మూల సంపాదించాం. మా రైతులు దాన్ని ‘ఏసీ’ అంటారు. బస్తాల మధ్య ఉండి ఉండి ఫిల్ము డబ్బాలకు కూడా ఘాటు పట్టింది. మా అసిస్టెంటు నల్ల సంచిలోకి చేతులు దూర్చి చీకట్లో రీలు ఎక్కిస్తూ తుమ్మీ తుమ్మీ కళ్ళు ఎర్రజేసుకునేవాడు. ఆ మొదటి రోజులు మాత్రం సరదాగానే గడిచాయి.

టెస్టుకు నేను చూసుకున్న చేను పలకల గని పక్కన ఉంది. వెనకంతా గనిలోంచి తీసిపోసిన పనికిరాని రాతిగుట్ట, దాని ముందు నడుమెత్తు కంది, మంచి పూత మీద. ఆ చేను కౌలుకు చేసేది మా అమ్మ ఈడు ఆడమనిషి. భర్త పోయాక ఒంటిచేత్తో సేద్యం చేసుకుంటోంది. అక్కడి క్రైస్తవ సంఘంలో పాట ఎత్తుకునేది ఆమే. నేను అత్తా అంటే ఆమె అల్లుడా అనేది. ఆ కంది చేతికొస్తే ఇంటి మీద రేకులు మార్చుకోవాలని ఆమె ఆశ. పాత రేకులు చిల్లులు పడ్డాయట. వాన వచ్చిందంటే మంచాన్ని ఇల్లంతా తిప్పుకోవడమేనట. ఈ సంగతి షూటింగుకు వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పింది. డైరెక్టరుకూ చెప్పింది. ఆయన చేతులు జోడించి మరీ విన్నాడు.

“ఏంది అల్లుడా, నన్ను తీస్తుండావా, చేనును తీస్తుండావా?” అంది, నేను ఆమె ముఖం దగ్గర వెలుతురు కొలిచే మీటరు పట్టుకున్నప్పుడు.

“ఇద్దర్నీ అత్తా.”

“నన్ను నల్లగా తీసేవు. సంగంలో నవ్వుతారు.”

“నువ్వెట్లుంటే అట్లనే వస్తావు.”

“అట్లయితే నన్నొదిలేసి చేనునే తియ్యి” అని చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

ముంబై ల్యాబునుంచి టెస్టు ప్రింటు వచ్చింది. లాడ్జిలో తెల్ల దుప్పటి కట్టి ప్రొజెక్టరు మీద చూశాం. ఐదొందల ఫిల్ము మీద చేను పచ్చగానే ఉంది, కాకపోతే దుమ్ములో దొర్లించినట్టుంది. యాభై ఫిల్ము వచ్చేసరికి నాకు నిజంగా ఒళ్ళు పులకరించింది. కంది ఆకు వెనకవైపు ఉండే బూడిద పచ్చ, పూత పసుపు, గుట్ట మీది రాతి పొరలు, అత్త ముఖంలో కణత దగ్గర చెమట, అన్నీ ఉన్నాయి. దేనికదే విడిగా ఉంది. నా సొంత నేలను మొదటిసారి సరిగ్గా చూస్తున్నట్టనిపించింది. చాలా సంతోషపడ్డాను.

“ఇంత గ్రీన్ ఏంటండీ?” అన్నాడు డైరెక్టరు.

“పచ్చగా ఉంది సార్, పచ్చగా వచ్చింది.”

“నాకు బ్రౌన్ కావాలి.”

నెగటివ్‌ను ఎటూ కంప్యూటరులోకి ఎక్కిస్తాం కదా, అక్కడ రంగులు దిద్దేవాడు ఒక్క పూటలో చేనంతా ఎండబెట్టేస్తాడని చెప్పాను. ఆయన దెబ్బ తిన్నట్టు చూశాడు.

“రంగులు మార్చడమంటే అబద్ధం చెప్పడమండీ. కెమెరా ముందు ఏముందో అదే నెగటివ్‌లో ఉండాలి. నెగటివ్‌లో ఏముందో అదే తెర మీద ఉండాలి. నా సినిమాలో రంగును ముట్టుకోనివ్వను.”

నిజం చెప్పొద్దూ, ఆ మాటకు నేను మెత్తబడ్డాను. ఈ కాలంలో ఇంత నిష్ఠ ఉన్నవాడు ఎవడని కూడా అనుకున్నాను. కాసేపాగి ఆయనే, “సరే, మీ యాభై ఫిల్మే వాడదాం. గ్రీన్ సంగతి మేనేజరు చూసుకుంటాడు” అన్నాడు. ఎక్కడినుంచో ఎండు కట్టె తెప్పించి చేను ముందు పాతుతారేమో, లేదా బీడు వెతుకుతారేమో అనుకున్నాను.

శనివారం సాయంత్రం నేను చేను దగ్గరికి వెళ్ళేసరికి అత్త గట్టు మీద నిలబడి మేనేజరుకూ అతని మనుషులకూ మజ్జిగ పోస్తోంది. ఉప్పు, పచ్చిమిర్చి దంచి వేసిన చిక్కటి మజ్జిగ. మేనేజరు రెండో గ్లాసు అడిగి తాగాడు.

“అల్లుడా, మీవోళ్ళు బంగారం” అంది నన్ను చూసి. “పూతకు పచ్చపురుగు తగిలింది, మందు కొట్టేదానికి చేతిలో ఏం లేదని నేను ఏడస్తా ఉంటే, మేం కొట్టిస్తాంలే అన్నారు. రేపు పొద్దున్నే కొడతారంట. నన్ను సంగానికి పొమ్మన్నారు, అంతా వాళ్ళే చూసుకుంటారంట. మందు ఘాటు గదా, సోమవారం దాకా చేనుకాడికి రావొద్దన్నారు.”

మేనేజరు నావైపు చూడకుండా గ్లాసు కడిగి ఇచ్చాడు. ఇతనిలో కూడా మంచితనముందని నాకు ముచ్చటేసింది. మర్నాడు త్రిపురాంతకం దగ్గర ఇంకో లొకేషన్ చూసే పనుండి పొద్దున్నే వెళ్ళిపోయాను.

సోమవారం చేను దగ్గర వ్యాను దిగేసరికి కంది మాడిపోయి ఉంది. ఎండిపోవడం వేరు, మాడిపోవడం వేరు. ఆకు ఆకంతా తుప్పు రంగు మచ్చలు పడి, అంచులు ముడుచుకుని వేలాడుతోంది. పూత రాలి సాళ్ళల్లో పడి ఉంది. వాసన ముక్కుకు తగలగానే నాకు అర్థమైంది. మా వైపు పుట్టినవాడెవడికైనా అర్థమవుతుంది. అది పురుగుమందు కాదు, గడ్డిమందు. పచ్చగా ఉన్నదాన్ని దేన్నీ వదలదు. జనరేటరు వ్యాను వెనక ఖాళీ డబ్బాలు పడి ఉన్నాయి. మార్కాపురం దుకాణంలో కొంటే కంది చేనుకు ఇదెందుకని అడుగుతారని, గిద్దలూరు పోయి తెచ్చారట. డ్రైవరు ఆ తెలివిని మెచ్చుకుంటూ చెప్పాడు.

డైరెక్టరు కెమెరా పక్కన నిలబడి చేతుల్తో ఫ్రేము కట్టి చూసుకుంటున్నాడు.

“చూశారా టోను? ఇప్పుడు వాడండి మీ యాభై ఫిల్ము. ఒక్క ఆకు మిస్ కాకూడదు.”

రంగును ముట్టుకోనన్న మనిషి. కంప్యూటరులో మీట నొక్కితే అబద్ధమట, బతికున్న చేనును చంపితే నిజమట. ఛీ, ఇదా నిష్ఠ! ఈ మనిషి చేత భుజం తట్టించుకున్నానే అని నా భుజం మీదే నాకు అసహ్యం వేసింది. ఆయనతో మాట్లాడితే చెయ్యి చేసుకుంటానని భయమేసి, వ్యాను దగ్గరికి పోయి మేనేజరు చొక్కా పట్టుకున్నాను. వాడు చేతులు విదిలించుకుంటూ, “పంట నష్టం ఎట్లాగూ ఇస్తాం గదండీ, ముందే చెబితే ఒప్పుకోదు గదా” అంటున్నాడు. అందులో తప్పేముందో వాడికి నిజంగానే తెలియలేదు.

మేమిట్లా గొడవపడుతుండగానే అత్త వచ్చింది. ఆమె కేక విని వెనక్కి తిరిగాను. గట్టు మీద కూలబడి, మాడిన కొమ్మ ఒకటి ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తోంది. డైరెక్టరు నా కెమెరాకు కన్ను ఆనించి తీస్తున్నాడు. నేను పరుగెత్తుకు వచ్చి కెమెరా ఆపేసరికి ఆయన ముఖం వెలిగిపోతోంది.

“దొరికిందండీ” అన్నాడు. “ఏ ఆర్టిస్టు చేస్తుంది అలా!”

ఊళ్ళోకి కబురు పోయింది. జనం వచ్చి వ్యాన్లకు అడ్డంగా బండి నిలిపారు. అరుపులు, తోపులాటలు. మేనేజరు అత్త ముందు వంగి, నష్టం కట్టిస్తాం, ఎంత చెబితే అంత అన్నాడు. ఆమె వాడివైపు చూడనేలేదు. కళ్ళు తుడుచుకుని లేచి డైరెక్టరు ముందుకు పోయి నిలబడింది.

“నష్టం సంగతి ఊరోళ్ళు మాట్లాడతార్లే. నువ్వు నాకొక పని చెయ్యాల సారూ. నిన్న నేను సంగంలో లేసి సాక్ష్యం చెప్పినాను. పురుగు పడి నా చేను పోతా ఉంటే దేవుడు సినిమావోళ్ళను పంపినాడని అందరి ముందరా చెప్పినాను. మీకోసరం ప్రార్థన చేపిచ్చినాను. మీ చేతుల్ని దీవించమని అడిగినాడు మా పాస్టరు అయ్యగారు. నేను ఆడ నిలబడి చెప్తా ఉంటే ఈడ మీరు మందు కొడతా ఉండారు. దేవుని ముందర నా నోటితో అబద్ధం చెప్పిచ్చినారు. వచ్చే ఆదివారం నువ్వొచ్చి ఆడనే నిలబడి, చేసిందేందో నీ నోటితో చెప్పాల.”

మా వైపు సంఘాల్లో సాక్ష్యమంటే ఆషామాషీ కాదు. దేవుడు తనకు చేసిన మేలును ఆదివారం ఆరాధనలో లేచి పదిమంది ముందు చెబుతారు. అక్కడ చెప్పిన మాటతోనే మనిషిని కొలుస్తారు. అది తెలిసిన జనం తోపులాట ఆపి డైరెక్టరువైపు తిరిగారు. డైరెక్టరు కూడా కదలకుండా విన్నాడు. కళ్ళు సగం మూశాడు. ఒక్క క్షణం, ఈ మనిషికి సిగ్గు తగిలిందనుకున్నాను.

ఆయన నావైపు తిరిగి గొంతు తగ్గించాడు. “ఎంత సీనండీ ఇది! చర్చిలో తీద్దాం. నేనే నిలబడతాను, నిజంగానే క్షమాపణ చెబుతాను. లోపల వెలుతురు తక్కువ గదా, ఏ ఫిల్ము వాడదాం? ఐదొందలు సరిపోతుందా?”

పక్కకు తిరిగి ఉమ్మేశాను.

“ఏమంటుండాడు అల్లుడా?” అంది అత్త.

“వస్తాడంట అత్తా. వచ్చి నువ్వడిగినట్టే చెప్తాడంట. దాన్ని గూడా సినిమా తీసుకుంటాడంట.”

ఆమె ఆయన ముఖం చూసింది, తర్వాత కెమెరాను చూసింది.

“ఇందాక నేను ఏడిస్తే అది గూడా తీసినాడా?”

“తీసినాడు.”

“యాడుండాది అది?”

కెమెరా మీదుండే నల్ల డబ్బాను చూపించాను. దాన్ని మ్యాగజైన్ అంటాం. తీసిన ఫిల్ము అందులోనే చీకట్లో చుట్టుకుని ఉంటుంది, ల్యాబుకు చేరేదాకా వెలుతురు చూడకూడదు.

“అది నాకియ్యి” అంది.

మ్యాగజైను ఊడదీసి మూత తెరిచాను. ఇంతకాలం ఈ పనిలో ఉండి పట్టపగలు ఆ మూత తెరవడం అదే మొదలు. అసిస్టెంటు ‘సార్’ అని అరిచాడు. నేను ఫిల్ము చివర పట్టుకుని బారలు బారలుగా లాగి ఆమె చేతుల్లో పోశాను. డైరెక్టరు నా మీదికి ఉరికాడు కానీ ఊరివాళ్ళు మధ్యలోకి వచ్చారు. అత్త ఫిల్మును ఎండకు ఎత్తి పట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

“నేను కనపడనే?”

“ఎండ తగిలింది గదా అత్తా. పోయినావు.”

“మళ్ళ రాదా?”

“రాదు.”

ఆమె దాన్ని కిందపడేసి చేతులు దులుపుకుంది. డైరెక్టరు గట్టు మీద, ఇందాక ఆమె కూలబడిన చోటే కూలబడ్డాడు. తల పట్టుకుని ఏడుస్తున్నాడు. నటన కాదు, ముక్కు కారుతోంది, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. వెనక మాడిన కంది, ఆ వెనక నల్లటి గుట్ట.

అత్త కాసేపు ఆయన్నే చూసి నావైపు తిరిగింది.

“ఇప్పుడు తియ్యవా అల్లుడా?”

“దీనికి ఫిల్ము దండగ అత్తా” అన్నాను.